అడిగిన మనిషి లేని జవాబు

నాకు రాయడం రాకముందే నా పేరుతో చాలా వ్యాసాలు వచ్చాయి. ‘కోటేశ్వరి ఆంటీ మాట’ అని పైన ఉండేది, పక్కన నా ఫొటో. వాటిలో ఒక్క వాక్యం నేను రాయలేదు. వేరేవాళ్ళు రాసింది చదవనూ లేదు. యాభై ఎనిమిదేళ్ళు వచ్చేవరకు నాకు అక్షరాలు రావు.

చిన్నప్పుడు బడి దగ్గరలోనే ఉండేది. నేను మా అమ్మతోపాటు పసుపు కొమ్ములు ఉడకబెట్టే చోటికి పనికి వెళ్ళేదాన్ని. పెళ్ళయ్యాక చదువు అవసరం పడలేదు. మా ఆయన వంటవాడు. ఒక రెస్టారెంట్‌వాళ్ళు ఆయనను అమెరికా రప్పిస్తే ఆయన వెనక నేనూ వచ్చి బాతెల్ అనే ఊళ్ళో పడ్డాను. సంతకం పెట్టాల్సిన చోట ఆయన వేలు పెట్టి చూపిస్తే, చిత్రం గీసినట్టు నా పేరు గీసేదాన్ని. దుకాణంలో డబ్బా మీది బొమ్మ చూసి సరుకు తెచ్చుకునేదాన్ని. అలా ఎన్నాళ్ళయినా బతకొచ్చు, నేను బతికాను.

ఇప్పుడు రాస్తున్నది పని మానేశాక. ఈమధ్య చాలామంది పిల్లలు ‘కంటెంట్’ పనిలోకి వస్తున్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పోయినవాళ్ళు కొందరు, అవి దొరకనివాళ్ళు కొందరు. మీకు కోర్సుల్లో చెప్పని సంగతి ఒకటి నేను పనిలో చూశాను. అది చెబుదామని కూర్చున్నాను.

పని ఎలా మొదలైంది

మొదట్లో రెస్టారెంట్ వెనక ఉల్లిపాయలు తరిగేదాన్ని. తర్వాత తెలిసినవాళ్ళింట్లో కాన్పు అయితే పథ్యం వండిపెట్టేదాన్ని. వెల్లుల్లి కారం, శొంఠి పొడి, బీరకాయ కూర, తెలగపిండి. సొరచేప పిట్టు మాత్రం చేయలేదు. పాలిచ్చే తల్లులు సొరచేప తినకూడదని ఇక్కడి డాక్టర్లు చెబుతారు. అది విన్నాక మానేశాను.

అలా నేను వండిపెట్టినవాళ్ళలో మాధవి ఒకతె. పెద్ద కంపెనీలో ఇంజనీరు. బిడ్డకు మూడో నెల నడుస్తుండగా ఉద్యోగం తీసేశారు. గ్రీన్ కార్డ్ వచ్చేసింది కాబట్టి దేశం వదలాల్సిన పని లేదు. కానీ ఎనిమిదేళ్ళు పొద్దున్నే లేచి వెళ్ళిన చోటికి లాప్‌టాప్ వాపసు చేయడానికి వెళ్ళి, కార్‌లోనే చాలాసేపు కూర్చుండిపోయిందట. తర్వాత మళ్ళీ ఉద్యోగం వెతకలేదు. “ఆంటీ, మీ వంట, నా బుర్ర. కంపెనీ పెడదాం,” అంది. పెట్టింది. బాలింతలకు ఇంటికి భోజనం పంపే కంపెనీ. వంటశాలకు నేను పెద్ద. పొద్దున వంట, మధ్యాహ్నం డబ్బాలతో ఇళ్ళకు వెళ్ళడం.

నేను పనిచేసినవాళ్ళలో మాధవి అందరికన్నా మంచి యజమాని. కసురుకోదు, అడగకుండానే సెలవు ఇస్తుంది. ఒక్కటే నాకు నచ్చేది కాదు. ఎంతమంది చూశారో లెక్క వచ్చే ప్రతిదాన్నీ నమ్మేది, లెక్క రానిదాన్ని నమ్మేది కాదు.

నాకు లేని అమ్మమ్మ

భోజనం గురించి నేరుగా ప్రకటన వేస్తే ఎవరూ చూడరని మాధవి చెప్పింది. ముందు పనికొచ్చే మాట ఊరికే చెప్పాలి, నమ్మకం కుదిరాక వాళ్ళే కొంటారు. దాన్నే కంటెంట్ మార్కెటింగ్ అంటారట. వింటే నాకు సబబుగానే అనిపించింది. మా ఊళ్ళో మంత్రసాని ముందు మంచీ చెడ్డా మాట్లాడి, తర్వాతే కదా పనిలోకి దిగేది.

మొదట రాయడానికి కుదిరిన అబ్బాయి నన్ను ఒక్కసారే ఫోన్‌లో పలకరించాడు. తర్వాత వారం వారం వ్యాసాలు వచ్చాయి. ఒకరోజు ఇండియన్ స్టోర్‌లో కూరగాయల దగ్గర నిలబడి ఉంటే ఒకామె వచ్చి నా చేతులు పట్టుకుంది. మా అమ్మమ్మ వానలో రాగిజావ తెచ్చిన కథ చదివి ఏడ్చేసిందట. మా అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది. ఏ వాన, ఏ జావ నాకు తెలియదు. ఆమె కళ్ళు ఇంకా తడిగా ఉన్నాయి, కాదని ఎలా అంటాను. “అవునమ్మా, మంచిది,” అని బెండకాయలు ఏరుకున్నాను.

ఇంటికి వెళ్ళి మా ఆయనతో చెబితే పడీ పడీ నవ్వాడు. “పోనీలే, నీకో అమ్మమ్మ దొరికింది. ఆవిడ వంట బాగా చేస్తుందేమో కనుక్కో,” అన్నాడు. నేనూ నవ్వాను. మాధవికి చెబితే మాత్రం నవ్వలేదు, ఆ అబ్బాయిని మానిపించింది. అబద్ధం రాశాడని కాదు, అబద్ధం అని ఒకరికి తెలిస్తే అందరికీ తెలుస్తుందని. కారణం ఏదైనా, చేసింది మంచి పనే.

స్నేహ

తర్వాత వచ్చింది స్నేహ. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఇరవై నాలుగేళ్ళు. తెలుగు మాట్లాడుతుంది, అందరినీ ‘నువ్వు’ అంటుంది. చిన్నాపెద్దా తేడా ఆ పిల్ల తెలుగులో లేదు, మనసులో ఉంది. చెప్పుల జత గుమ్మం బయట సర్ది పెట్టి లోపలికి వచ్చేది.

“ఆంటీ, నేను నీ గురించి ఏమీ కల్పించి రాయను. నువ్వు చెప్పేది రికార్డ్ చేస్తా, అంతే,” అంది. చెప్పినట్టే చేసింది. మధ్యాహ్నం నాతో కార్‌లో వచ్చేది. ఒప్పుకున్న ఇళ్ళలో ఫోన్ పెట్టి నా మాటలు తీసేది.

ఇక్కడ నా పని పద్ధతి చెప్పాలి. నన్ను ఎవరైనా ఏదైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. ముందు నేను అడుగుతాను. ఎన్నో రోజు, మామూలు కాన్పా ఆపరేషనా, డాక్టర్ ఏం చెప్పింది, విరేచనం అవుతోందా, రాత్రి బిడ్డను ఎవరు ఎత్తుకుంటున్నారు, అత్తగారు వచ్చారా అమ్మ వచ్చిందా, లేక ఎవరూ లేరా. ఇవన్నీ అయ్యాక ఒక ముక్క చెబుతాను. ఇందులో గొప్ప ఏమీ లేదు, పథ్యం పెట్టేవాళ్ళందరూ ఇలాగే చేస్తారు. ఎదుట మనిషి ఉంటే అడగకుండా ఉండలేం.

స్నేహ ఆ ముక్క ఉంచి, ముందున్నదంతా తీసేసేది. రెండు కారణాలు. ఒకటి, పొడవైతే ఎవరూ చూడరు. రెండోది, ఆ తల్లి చెప్పినవి ఆమె సొంత విషయాలు. కుట్ల సంగతి, విరేచనం సంగతి ఊరందరికీ వినిపించడం మర్యాద కాదు. రెండో కారణం నాకు కూడా న్యాయంగానే కనిపించింది. అడిగి ఉంటే నేనూ తీసేయమనేదాన్ని. ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు అలా మర్యాదలోంచి వచ్చింది.

హారిక

ఒకరోజు కొత్త ఇంటికి డబ్బాలు తీసుకెళ్ళాను. హారిక అనే అమ్మాయి, తొలి కాన్పు అయి ఐదో వారం. వీసా అపాయింట్‌మెంట్ దొరకక ఇండియా నుంచి అమ్మ రాలేకపోయింది. భర్త సెలవు అయిపోయింది. అతనే కంగారుపడి మాకు ఆర్డర్ పెట్టాడు. అంతకుముందు రోజు ఆమె కళ్ళు తిరిగి బాత్రూమ్‌లో కూలబడిందట. చేతిలో బిడ్డ లేదు, అది అదృష్టం.

తలుపు తీసి గోడ పట్టుకుని నిలబడింది. పెదవుల్లో రంగు లేదు. ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నాను ఆంటీ అంది. లోపలికి వెళ్ళి నా ప్రశ్నలు మొదలుపెట్టాను. ఏం తింటున్నావంటే అన్నం, నెయ్యి, కారప్పొడి అంది. పప్పు? లేదు. కూరలు? గాలి చేస్తాయేమోనని అవీ మానేసింది. నెలకు పైగా ఆ పిల్ల తిన్నది అదే.

“ఎవరు మానమన్నారమ్మా?” అన్నాను.

ఆ పిల్ల నా వైపు వింతగా చూసింది. “మీరే కదా ఆంటీ.”

ఫోన్ తెచ్చి చూపించింది. అందులో నా మొహం. నా గొంతే. “పప్పు మానెయ్యమ్మా. కారప్పొడి, నెయ్యి వేసుకుని తిను చాలు. అదే సర్దుకుంటుంది.”

అది నేను అన్న మాటే. ఇంకో ఇంట్లో, ఆపరేషన్ అయి నాలుగో రోజు పొట్ట ఉబ్బరంతో బాధపడుతున్న పిల్లతో, డాక్టర్ కూడా తేలిగ్గా తినమన్నదని విన్నాక, రెండు రోజుల కోసం అన్నాను. మూడో రోజు నేనే పెసరపప్పు కట్టు తీసుకెళ్ళి తాగించాను. ఆ పిల్లా, ఆ పొట్టా, ఆ రెండు రోజులూ ఫోన్‌లో లేవు. నేను మాత్రం ఉన్నాను.

నా మొహం కింద ఏదో చాలా రాసి ఉంది. అదేమిటని అడిగాను. హారిక చదివింది. థాంక్యూ ఆంటీ, నేను కూడా మానేశాను, అని ఒకామె. మా చెల్లికి పంపించాను, అని ఇంకొకామె. చదువుతూ వేలితో పైకి జరుపుతూనే ఉంది, అవి అయిపోవడం లేదు. నేను చాలమ్మా అన్నాను.

డబ్బా మూత తీయకముందే, పనిలో ఉన్న భర్త చేత డాక్టర్‌కి ఫోన్ చేయించాను. పరీక్ష చేస్తే రక్తం బాగా తగ్గిపోయిందని తేలింది. మందులు, భోజనం, నిద్ర సర్దుకున్నాక రెండు నెలలకు పిల్ల తేరుకుంది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. చివరి రోజు డబ్బాలు తిరిగి ఇస్తూ, “మీరు మంచికే చెప్పారు ఆంటీ,” అంది. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

స్నేహకు చెప్పినప్పుడు ఆ పిల్ల మొహం చేతుల్లో దాచుకుంది. “అది ఆమె పర్సనల్ కదా అని కట్ చేశాను ఆంటీ. ఆమెకి సిగ్గు అవుతుంది అని.” నాకు తెలుసన్నాను. ఆ వీడియో ఆ సాయంత్రమే తీసేశారు. అప్పటికే ఎన్ని ఫోన్లలోకి వెళ్ళిందో తీసేసేవాళ్ళకు కూడా తెలియదు.

అప్పటినుంచి పద్ధతి మార్చాం. తల్లి పేరు, మొహం, గొంతు ఏవీ ఉండవు. ముందు స్నేహ తన గొంతుతో చెబుతుంది: ఒకామె, ఆపరేషన్ అయి నాలుగో రోజు, ఇదీ బాధ, డాక్టర్ ఇలా అంది. తర్వాతే నా మాట. చూసేవాళ్ళు తగ్గారు. మాధవి ఆ లెక్క ఊరికే తెచ్చి చూపించింది.

ఆదివారం బడి

నా మొహం కింద ఏముందో ఇంకొకరు చదివి చెప్పాల్సి రావడం నాకు అంతకుముందు ఎప్పుడూ చిన్నతనంగా అనిపించలేదు. ఆ రోజు అనిపించింది.

ఆదివారాలు ఇక్కడి పిల్లలకు తెలుగు నేర్పే బడి ఒకటి కమ్యూనిటీ సెంటర్‌లో జరిగేది. వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను. ఆరేడేళ్ళ పిల్లలు. మొదటి రోజు ఒక పాప, “ఆంటీ, నీ కిడ్ ఏది?” అంది. నేనే కిడ్‌ని అన్నాను. ఓకే అని నా పక్కకు జరిగి చోటిచ్చింది.

మాకు బాగా కుదిరింది. వాళ్ళు గబగబా అక్షరాలు కలిపి మాట చదివేస్తారు, దాని అర్థం తెలియదు. రోకలి, చేట, కళ్ళాపి. వాళ్ళు చదివితే నేను అదేమిటో చేతులతో చేసి చూపించేదాన్ని. నేను తడబడితే వాళ్ళు ఓపిగ్గా ఆగేవాళ్ళు. టీచర్‌కు లేనంత ఓపిక ఆ పాపకు ఉండేది. ఏడాదిన్నర పట్టింది. ఒత్తులు ఇప్పటికీ నన్ను ఏడిపిస్తాయి. ఇంగ్లీషు బోర్డులు కూడబలుక్కుంటాను.

చదవడం వచ్చాక స్నేహ రాసింది ముందు నాకు పంపేది. నేను నెమ్మదిగా చదివి, సరే అంటేనే బయటికి వెళ్ళేది. ఆలస్యమయ్యేది. అయినా పని మానేసేదాకా ఆ మూడేళ్ళూ నేను నిశ్చింతగా పనిచేశాను.

నా గొంతు

పోయిన చలికాలం మోకాళ్ళు ఇక మెట్లు ఎక్కనివ్వలేదు. మానేస్తానని చెప్పాను. మాధవి ఒక వారం ఆగి ఇంటికి వచ్చింది, స్నేహ కూడా వచ్చింది. కాఫీ తాగాక మాధవి ఫోన్ బల్ల మీద పెట్టి, ఏదైనా అడగండి ఆంటీ అంది.

నేను బాలింతలా అడిగాను. కాళ్ళు వాస్తున్నాయి, ఏం తినాలి. ఫోన్‌లోంచి నేనే మాట్లాడాను. నా గొంతు, నేను ‘అమ్మా’ అనే తీరు, మాటకీ మాటకీ మధ్య నా ఊపిరి. ఎన్నో రోజని అడిగింది. డాక్టర్ ఏమందని అడిగింది. తలనొప్పి ఉందా, చూపు మసకబారుతోందా అని అడిగి, ఉంటే భోజనం సంగతి తర్వాత, ముందు డాక్టర్‌కి ఫోన్ చెయ్యమ్మా అంది. నేను కూడా అదే అనేదాన్ని. అది ఏఐ అట, మిషన్; స్నేహ కష్టపడి అన్నీ నేర్పింది దానికి. పాత రికార్డింగులన్నీ వాడారట. నేను ఒప్పుకుంటేనే బయట పెడతామని మాధవి నిజాయితీగా చెప్పింది.

నేను వంక పెట్టాలని చూశాను, దొరకలేదు. అది విసుక్కోదు. ఏ వేళకైనా పలుకుతుంది. దానికి మోకాళ్ళ నొప్పులు లేవు. తోడు లేని తల్లికి ఏమీ లేకపోవడం కన్నా అది నయమే. ఇవన్నీ మాధవికి చెప్పాను, ఆమె మొహం వెలిగింది. తర్వాత వద్దన్నాను.

“ఎందుకు ఆంటీ? తప్పు ఏదైనా ఉంటే చెప్పండి, ఫిక్స్ చేస్తాం.”

తప్పు లేదన్నాను. నేనే ఎన్నోసార్లు తప్పు చెప్పాను. నా మాట సరిగా పనిచేయని ఇళ్ళు ఉన్నాయి. కానీ మర్నాడు మధ్యాహ్నం నేనే ఆ గుమ్మం ముందు నిలబడేదాన్ని. పిల్ల మొహం చూస్తే తెలిసేది, మాట మార్చుకునేదాన్ని. నన్ను తప్పు చెప్పనిచ్చింది ఆ మర్నాడే. ఈ గొంతు చెప్పింది వికటిస్తే ఎవరు వెళ్తారు? నేను వెళ్ళలేను. ఎవరింటికి వెళ్ళాలో కూడా నాకు తెలియదు. మాట నాదే అవుతుంది, మనిషి ఉండదు.

మాధవి కప్పు అంచు మీద వేలు తిప్పుతూ ఉంది. ఈ కంపెనీ ఆమె రెండో బతుకు, నాకు తెలుసు. వంటశాలలో ఆమె జీతమిచ్చే ఆడవాళ్ళు నలుగురు. పక్క ఊళ్ళో ఇంకో కంపెనీ ఇలాంటి గొంతునే పెట్టబోతోందని కూడా తెలుసు.

“మీరు రిటైర్ అయితే మా దగ్గర మిగిలేది మీ పేరే ఆంటీ,” అంది చివరికి. “అది కూడా పట్టుకుపోతానంటే, నాకు మళ్ళీ లేఆఫ్ అయినట్టే కదా.”

ఆమె మాట అబద్ధం కాదు. పేరు పట్టుకుపోను, కానీ నేను లేని చోట దాన్ని మాట్లాడనివ్వను అన్నాను. ఇంతవరకు నా పేరుతో ఉన్నవన్నీ ఒక్కొక్కటే చదివి, ఏది ఉండాలో చెబుతానన్నాను. మీ ఇష్టం ఆంటీ అని లేచి, కప్పులు తనే సింక్‌లో కడిగి పెట్టి వెళ్ళింది. కోపంలో కూడా కప్పులు కడిగి వెళ్ళిన మనిషిని నేను ఏమనుకోగలను.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. మిషన్ వాడండి, వాడొద్దని చెప్పడానికి నేనెవరిని. ఎంతమంది చూశారో లెక్క వేసుకోండి, జీతాలు దాంతోనే వస్తాయి. కానీ ఒక మాట బయటికి పంపే ముందు, అది ఎవరు అడిగితే చెప్పిందో కూడా దాంతోపాటే పంపండి. అది విన్నవాళ్ళు వెనక్కి తిరిగి అడగాలంటే ఎవరిని అడగాలో కూడా తెలియాలి. రెండూ పెట్టలేకపోతే ఆ మాట ఎంత బాగున్నా పంపకండి.

మర్నాడు పొద్దున

మాధవి ఫోన్ చేయలేదు. స్నేహను పంపింది. పిల్ల లాప్‌టాప్ తెరిచి అక్షరాలు పెద్దవి చేసి నా ముందు పెట్టింది. మొదటిది తెలగపిండి కూర గురించి, నాకు చదవడం రాకముందు స్నేహ రాసింది. నేనే చదువుతానన్నాను. చదవడం అయ్యేసరికి ఉప్మా చల్లారిపోయింది.

బాగుంది. నేను చెప్పింది ఉంది, నేను చెప్పనిది కూడా ఉంది. అదెక్కడిదని అడిగితే, హైదరాబాద్‌లో ఉన్న వాళ్ళ నాన్నమ్మకు ఫోన్ చేసి కనుక్కున్నానంది. ఒక డైటీషియన్‌ని కూడా అడిగిందట. వాళ్ళేమన్నారో విడివిడిగా రాసింది. ఏ తల్లికి వద్దో కూడా రాసింది.

“ఇది ఉండాలి. నా పేరు తీసేసి నీ పేరు పెట్టు,” అన్నాను.

“నా పేరు ఎవరికి తెలుసు ఆంటీ? నాకు బేబీ కూడా లేదు. ఎవరు నమ్ముతారు?”

“లేదని రాయి. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి రాశానని రాయి.”

రాసింది. స్క్రీన్ నా వైపు తిప్పింది. స్నేహ అని ఉంది, కింద రెండు వాక్యాలు. చదివాను. ఇంకొకటి కావాలన్నాను, అడగాలనుకున్నవాళ్ళు పిలవడానికి ఫోన్ నంబర్. ఆఫీస్‌ది పెట్టబోయింది. అది కాదన్నాను.

చాలాసేపు కీబోర్డ్ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. తర్వాత తన నంబర్ కొట్టింది.

నేను ఉప్మా వేడి చేసుకొచ్చాను. రెండోది తెరిచాం.